తప్పటడుగు వెల

ఇది ఒక ఉపాధ్యాయుడి స్మృతిలో ఏటా జరిగే ఉపన్యాసం కనుక, ఉపాధ్యాయులకు అన్నిటికన్నా కష్టమైన విద్యార్థి గురించి మాట్లాడటం సముచితమనుకున్నాను. జవాబు తెలిసినా లేచి చెప్పని కుర్రవాడు, నలుగురిలోకి వస్తే నోరు పెగలని అమ్మాయి, ఎక్కడ ఎలా మసలుకోవాలో తెలియక నవ్వులపాలయ్యే యువకుడు మనందరికీ తెలిసినవాళ్లే. వాళ్లకు మన భాషలో బిరుదులకు కొదవ లేదు. నోట్లో నాలుక లేనివాడంటాం, లోకం పోకడ తెలియదంటాం, ఇక వీడు బాగుపడడని పెదవి విరుస్తాం. ఒక మనిషి ఇవాళ ఎలా ఉన్నాడో చూసి పదేళ్ల తరువాత ఏమవుతాడో తేల్చేయడం ఈ మాటలన్నిటిలోనూ ఉంది. ఆ తేల్చివేత తరచూ తప్పుతుందని, అది ఎందుకు తప్పుతుందో మన నవలలూ మన చరిత్రా స్పష్టంగానే చెబుతున్నాయని నా అభిప్రాయం. నలుగురిలో తడబడే యువతీయువకుల భవిష్యత్తును వాళ్ల స్వభావం కొంత నిర్ణయిస్తుంది. అంతకన్నా ఎక్కువగా నిర్ణయించేది, వాళ్లు చేసే పొరపాటుకు చుట్టూ ఉన్న సమాజం కట్టే వెల. ఆ వెల భరించగలిగినంతలో ఉంటే మనిషి మళ్లీ ప్రయత్నిస్తాడు, ప్రయత్నంలోనే ఎదుగుతాడు. భరించలేనంత అయితే ప్రయత్నమే మానుకుంటాడు. ఈ ఒక్క ప్రతిపాదనను సాక్ష్యాలతో మీ ముందు పెట్టి, దానిమీద రాగల అభ్యంతరాలకు నాకు తోచిన సమాధానం చెబుతాను.

ముందు తెలుగు నవల. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారు ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం వెలువరించారు. మొగల్తూరు కుర్రవాడు పార్వతీశం ఇంట్లో చెప్పకుండా బారిష్టరు చదువుకు సీమకు బయలుదేరతాడు. లోకజ్ఞానం లెక్కన చూస్తే తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా అధమస్థితిలో ప్రయాణం మొదలుపెట్టిన కథానాయకుడు మరొకడు కనిపించడు. ఆడవాళ్లు పెట్టుకునే టోపీని దొరల టోపీ అనుకుని ముచ్చటపడి కొనుక్కుంటాడు. నేలమీద పరిచిన ఖరీదైన తివాసీని తొక్కడానికి మనసొప్పక పక్కనుంచి నడుస్తాడు. వందేళ్లుగా పాఠకులు ఈ ఘట్టాలకు నవ్వుతూనే ఉన్నారు. అయితే తివాసీ దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. పల్లెటూరి ఇంట్లో కాళ్లు కడుక్కుని లోపలికి రావాలని, విలువైన వస్తువును తొక్కకూడదని నేర్చుకున్న కుర్రవాడు ఆ నేర్చుకున్నదాన్నే కొత్తచోట నిష్ఠగా పాటిస్తున్నాడు. అతనిలో మర్యాద లోపించలేదు. అతను పాటించే మర్యాద వేరు, అక్కడ నడిచే మర్యాద వేరు. అతని తడబాట్లలో చాలా భాగం ఈ బాపతువే. బుర్ర తక్కువై చేసినవి వాటిలో తక్కువ.

ఇంత అమాయకుడు కొలంబోలో ఓడెక్కి, మార్సేల్స్‌లో దిగి, పారిస్, లండన్ దాటుకుని ఎడింబరో చేరుకున్నాడు. దశాబ్దాల తరువాత వచ్చిన తదుపరి భాగాల్లో చదువు పూర్తిచేసుకుని, స్వదేశం వచ్చి, న్యాయవాదిగా నిలదొక్కుకుని, జాతీయోద్యమంలోకి కూడా వెళ్లాడు. అడుగడుగునా తప్పు చేసినవాడు ఎలా ఎదిగాడు? నవల దాచుకోకుండా చెబుతున్న సమాధానం ఒకటుంది. అతని పొరపాటుకు పడిన శిక్ష నవ్వు మాత్రమే. టోపీ తప్పయితే ఎవరో నవ్వారు, ఎవరో చెప్పారు, మరో టోపీ వచ్చింది. దారిలో తోటి ప్రయాణికులు సర్దుకోవడం నేర్పారు. వెనక ఇల్లుంది, భూమి ఉంది, డబ్బు పంపే తల్లిదండ్రులున్నారు, పుట్టిన కులానికి ఊళ్లో ఉన్న గౌరవం ఉంది. పది పొరపాట్లు చేసినా పదకొండో రోజు మళ్లీ బయలుదేరగలిగినంత వెసులుబాటు అతనికి పుట్టుకతోనే సమకూరింది. పార్వతీశం ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నవ్వులపాలై కూడా అడగడం మానని గుణం గొప్పదే. కానీ ఆ గుణం బతికి బట్టకట్టడానికి తగిన వాతావరణం అతనికి దొరికిందన్నది కూడా అంతే నిజం.

ఆ వెసులుబాటు లేనివాళ్ల కథలు మరో రెండు మూడు దశాబ్దాలకు వచ్చాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు తెలివిలేనివాడు కాడు, చెడ్డవాడూ కాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి చివరి కోరికను మోస్తూ ఉన్నదంతా దానధర్మాలకు ధారపోస్తాడు. ఆస్తి పోయాక మామూలు ఉద్యోగంలో ఇమడలేకపోతాడు. భార్యతో, బిడ్డతో, ఊరితో, చివరికి తనతోనే పేచీ పడి ఆత్మహత్య చేసుకుంటాడు. అతనికి హితవు చెప్పేవాళ్లు లేకపోలేదు. లోకం చూసిన రామయ్యతాత వంటి పెద్దమనిషి అందుబాటులోనే ఉన్నాడు. ఉపదేశం దొరికింది గాని, ఓడిపోయిన మనిషిగా నలుగురి మధ్య తిరిగి మొదలుపెట్టే చోటు దొరకలేదు. చిన్న ఉద్యోగం చేసుకుంటే వంశం పరువు పోయిందంటారు. ఒకరిని సాయం అడిగితే ఇన్నాళ్లూ దానమిచ్చిన చేయి చాచాడంటారు. ప్రతి చిన్న దిద్దుబాటుకూ మొత్తం పరువును పణంగా పెట్టవలసిన స్థితిలో మనిషి దిద్దుబాటునే ద్వేషించడం మొదలుపెడతాడు. సీతారామారావు తర్కమంతా, వాదోపవాదాలన్నీ, ఆ దిద్దుబాటును తప్పించుకోవడానికి కట్టుకున్న గోడలే.

రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘అల్పజీవి’లో సుబ్బయ్యది మరో రకం బందిఖానా. గుమాస్తా ఉద్యోగం, ఇంట్లో చులకన, బావమరిది పెత్తనం. అతని ఒత్తిడి మీదే కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తీసుకున్న సుబ్బయ్యకు ఆ రోజు నుంచీ నిద్ర లేదు. సుబ్బయ్య భయాన్ని వెన్నెముక లేనితనంగా చదవడం సులువు. కానీ అతని చేతిలో ఉన్నది నెలజీతం ఒక్కటే. అప్పు ఇచ్చినవాడికే ఆఫీసులో పని చేసిపెట్టవలసిన కుర్చీ అతనిది. ఒక్కమాట జారితే ఉద్యోగానికి ముప్పు, ఒక్కమాట మింగితే ఇంట్లో అవమానం. అలాంటి లెక్కలో నోరు మెదపకపోవడం పిరికితనమే కానక్కరలేదు. బీదవాడి జాగ్రత్త కూడా అయివుండవచ్చు. పార్వతీశం స్థానంలో సుబ్బయ్యను, సుబ్బయ్య స్థానంలో పార్వతీశాన్ని ఊహించుకుంటే, వాళ్ల స్వభావాలు మనం అనుకున్నంత స్థిరంగా ఉంటాయా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఈ వెలకు మరో పార్శ్వాన్ని చూపుతుంది. దయానిధి చదువుకున్నవాడు, డాక్టరు, డబ్బుకు మరీ ఇబ్బంది లేనివాడు. అయినా మనుషుల మధ్య ఇమడలేకపోతాడు. తల్లి నడవడి గురించి ఊరు చెప్పుకునే మాటలు అతను గడప దాటకముందే వీధిలోకి వెళ్లి కూచుంటాయి. అతను చేసే ప్రతి పనినీ లోకం ఆ మాటల వెలుగులోనే చూస్తుంది. అంటే అతను చేయని తప్పుకు వెల ముందే కట్టి ఉంది. వజ్రకరూరు ప్రాంతానికి వెళ్లి, అక్కడ ఆస్పత్రి పెట్టి, పని ద్వారా కొత్త మనిషి కావాలని ప్రయత్నించడంలోనే అతని ఆరాటం తెలుస్తుంది: పాత లెక్క తెలియని చోట మొదటినుంచీ మొదలుపెట్టాలని. ఇక ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’లోకి వెళితే వెల అన్న మాటకు అర్థమే మారిపోతుంది. ఆ నవలలో సంగదాసు తడబడే యువకుడు కాడు. ఆలోచన ఉన్నవాడు, మాట ఉన్నవాడు, కూలీల పక్షాన నిలబడినవాడు. భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. నోరు తెరిచినందుకు ఒక ఇంట్లో నవ్వు ఎదురైతే మరో వాడలో మరణం ఎదురవుతుంది. ఆ వాడ పిల్లలు పెద్దల ముందు మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని ఏ ముఖంతో మొద్దుతనమంటాం?

ఇక్కడ మొదటి అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ఒకటి హాస్యనవల, మరొకటి మనోవిశ్లేషణ నవల, ఇంకొకటి సంఘసంస్కరణ నవల. హాస్యంలో నాయకుడు గట్టెక్కుతాడు, విషాదంలో మునుగుతాడు. అది ప్రక్రియ లక్షణమే గాని సమాజ లక్షణం ఎలా అవుతుందని విమర్శకులు అడగవచ్చు. సగం ఒప్పుకుంటాను. నవల ఒక్కటే రుజువు కాజాలదు. కానీ ఏ యువకుడి తడబాటు మనకు నవ్వు తెప్పిస్తుంది, ఎవరిది దిగులు పుట్టిస్తుంది అన్నది రచయిత ఇష్టం మీదే ఆధారపడదు. పర్యవసానం ప్రమాదకరం కాదని తెలిసినప్పుడే మనం నవ్వగలం. సంగదాసు కథను పార్వతీశం ధోరణిలో రాయడం ఏ ప్రతిభావంతుడికీ సాధ్యం కాదు, ఎందుకంటే పాఠకుడికి ఆ వాడలో పొరపాటు వెల తెలుసు. ప్రక్రియను ఎంచుకునేటప్పటికే సమాజం లోపలికి వచ్చి కూచుంది.

అయినా కల్పన చాలదన్నవారికి నిజజీవితంలో చేసిన పరిశీలన ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. అగ్రకులాల పిల్లలు 321 మంది, నిమ్నకులాలుగా ఎంచబడే కుటుంబాల పిల్లలు 321 మంది. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి పెన్సిలుతో బయటికి దారి కనుక్కోవాలి. ఎన్ని పరిష్కరిస్తే అంత డబ్బు. పిల్లల కులం ఎవరికీ చెప్పకుండా పని ఇచ్చినప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పని మొదలయ్యే ముందు అందరి ఎదుట పిల్లల పేరు, ఊరు, తండ్రి పేరుతో పాటు కులం కూడా చదివినప్పుడు నిమ్నకులాల పిల్లలు సాధించిన చిక్కుదారుల సంఖ్య గట్టిగా పడిపోయింది. పిల్లలందరూ ఒకే ఈడువాళ్లు, కాగితం మారలేదు, ఇచ్చే డబ్బూ మారలేదు. మారిందల్లా నలుగురి ముందు ఎవరుగా నిలబడుతున్నారన్నది. చెప్పింది ఒక్క మాటే, ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంత మాత్రానికే పిల్లవాడి చేతిలో పెన్సిలు నెమ్మదిస్తే, పన్నెండేళ్ల బడి జీవితంలో రోజూ వినే మాటల మొత్తం ఎంతవుతుందో అంచనా వేసుకోండి. బాల్యంలో మనం ప్రతిభ అని కొలుస్తున్నదానిలో కొంత భాగం జంకు కొలతే.

రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ ఈ విషయాన్నే మరోవైపు నుంచి పట్టుకున్నాడు. 1934లో, ముప్ఫై ఏడేళ్లకే చనిపోయిన ఆయన బడుల్లో పెట్టే పరీక్షల మీద ఒక మౌలికమైన ప్రశ్న వేశాడు. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగింది కొలిస్తే ఇప్పటికే పూర్తయిన ఎదుగుదల తెలుస్తుంది. పెద్దవాళ్లో, కాస్త ముందున్న తోటివాళ్లో చేయూతనిస్తే ఏమి చేయగలడో చూస్తే రాబోయే ఎదుగుదల తెలుస్తుంది. ఒంటరిగా ఒకే మార్కు తెచ్చుకున్న ఇద్దరు పిల్లలు సాయం అందినప్పుడు వేర్వేరు దూరాలు వెళ్లవచ్చు. ఈ సూత్రాన్ని నలుగురిలో తడబడే పిల్లలకు అన్వయిస్తే జరుగుతున్న నష్టం బయటపడుతుంది. సాయం అడగాలంటే తెలియదని ఒప్పుకోవాలి. తెలియదనడమే అవమానమైన చోట ఆ పిల్లవాడు అడగడు, అడగనివాడికి సాయం అందదు. భవిష్యత్తులో ఏమవుతాడో తెలిపే కొలతే అతని విషయంలో ఎన్నడూ జరగదు. ఇక అతనికి శక్తి లేదన్న మన తీర్పుకు ఆధారమేమిటి?

రెండో అభ్యంతరం మరింత బలమైనది. కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయి, అవమానాలు దిగమింగినవాళ్లే మహానుభావులయ్యారు, వెల తగ్గిస్తే మొక్కవోని మనుషులు ఎలా తయారవుతారు అంటారు. దీనికి ఉదాహరణగా అంబేద్కర్ పేరు చెబుతారు. బడిలో కూచోవడానికి గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని, సాయంత్రం దాన్ని మళ్లీ ఇంటికి మోసుకుపోయిన బాలుడాయన. కుళాయి తాకకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే దాహం తీరేది. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. ఆ బాలుడు రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడయ్యాడు గనుక అవమానం బలాన్నిస్తుందనడం తర్కానికి నిలవదు. అదే బడుల బయట అదే గోనెపట్టాలు మోసి, నాలుగో తరగతిలోనో ఐదులోనో చదువు మానుకున్న వేలమంది పేర్లు మనకు తెలియవు. గట్టెక్కినవాణ్ని ఒక్కణ్నే లెక్కపెట్టి నది లోతు లేదనకూడదు. పైగా అంబేద్కర్ జీవితంలోనే వెల తగ్గిన సందర్భాలున్నాయి. మెట్రిక్ ప్యాసయినప్పుడు జరిగిన అభినందన సభలో కేళుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధచరిత్రను కానుకగా ఇచ్చాడు. బరోడా మహారాజు శాయాజీరావు 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌనుల ఉపకారవేతనం మంజూరు చేశాడు. న్యూయార్కులో ఆయన పుట్టిన కులం అడిగి బెంచీ చూపించినవారు లేరు. ఆయన ప్రతిభ అసాధారణమైనది, అందులో సందేహం లేదు. కానీ అది విప్పారిన చోట్లన్నీ అవమానపు లెక్క తగ్గిన చోట్లేనన్నది గమనించకుండా కష్టాలకు కీర్తి కట్టబెట్టడం, అంబేద్కర్ ఏ వ్యవస్థ మీద పోరాడాడో దానికే మార్కులు వేయడం.

మన నేలమీద మరో ఉదాహరణ చూద్దాం. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకమ్మాయి నిలబడింది. టికెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడ్డారు, తరువాత టికెట్టు తెచ్చి లోపలికి తీసుకువెళ్లారు. నెహ్రూ మాత్రం విధి తప్పనందుకు ఆమెను మెచ్చుకున్నారు. ఆమే తరువాత రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయి. మామూలుగా ఈ కథను ఆమె తెగువకు నిదర్శనంగా చెబుతారు. అంతే ముఖ్యమైన మరో సంగతి ఇందులో ఉంది. ఆ ద్వారం దగ్గర ఆమెకు ఎదురైనవి రెండు స్పందనలు. ఒకటి, పెద్దవాణ్ని ఆపినందుకు మందలింపు. రెండోది, ఆ పెద్దవాడే ఇచ్చిన మెప్పు. రెండోది జరగకపోతే ఆమె జీవితం మరోలా ఉండేదని నేననను, ఆమె అంత తేలిగ్గా వంగే మనిషి కాదు. అంత గట్టిది కాని మరో పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఆ రెండింటి మధ్య తేడా జీవితకాలం నిలుస్తుంది.

దుర్గాబాయి తనకు దొరికినదాన్ని వ్యవస్థగా మార్చింది. ఆమె గొప్పతనం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. బాల్యవివాహాల వల్లనో, వైధవ్యం వల్లనో, పేదరికం వల్లనో బడి మానిన స్త్రీలను తిరిగి చిన్నపిల్లల మధ్య కూచోబెడితే సిగ్గుతోనే మానుకుంటారు. అందుకని మద్రాసులో ఆంధ్ర మహిళా సభలో వాళ్లకోసం విడిగా తరగతులు నడిపి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలై, 1958 నుంచి వయోజన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయించే ప్రత్యేక కోర్సులను దేశమంతటా నడిపించింది. ఆ తరగతి గదిని ఊహించుకోండి. పాతికేళ్ల స్త్రీ లెక్క తప్పు చేసినా నవ్వే పదేళ్ల పిల్లలు అక్కడ లేరు. పక్కనున్నామె కూడా ఎనిమిదేళ్ల తరువాత పలక పట్టుకున్నదే. సిలబస్ మార్చలేదు, పరీక్ష మార్చలేదు. తప్పు చేస్తే పోయే పరువును తగ్గించారు. చదువు ఆగిపోయిన స్త్రీలు దాంతోనే మెట్రిక్ ప్యాసయ్యారు, నర్సులు, టీచర్లు అయ్యారు.

మూడో అభ్యంతరానికి సమాధానం ఇక్కడే మొదలవుతుంది. తప్పుకు వెల తగ్గించడమంటే ప్రమాణాలు దించడమే, ముద్దుచేసి చెడగొట్టడమే అని చాలామంది నిజాయితీగానే భయపడతారు. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ సమాధానం భువనగిరి గుట్ట మీద ఉంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాలల సంప్రదాయం తరువాత సాంఘిక సంక్షేమ గురుకులాలుగా విస్తరించింది. అలాంటి ఒక సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన వ్యవసాయ కూలీల బిడ్డ, భువనగిరి ఏకశిల మీద కొండెక్కడం మొదలుపెట్టింది. తరువాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరింది. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కింది. గుట్ట మీద శిక్షణ ఎలా ఉంటుందో చూడండి. ఎక్కే పిల్ల నడుముకు పట్టీ బిగిస్తారు, దానికి తాడు ముడివేస్తారు. ఆ తాడు రెండో కొసను మరొకరు పట్టుకుని పిల్ల కదిలినకొద్దీ వదులుతూ బిగిస్తూ ఉంటారు. కాలు జారితే కిందపడదు, వేలాడుతుంది. ఊపిరి పీల్చుకుని మళ్లీ రాతిని పట్టుకుంటుంది. తాడు కట్టినంత మాత్రాన రాయి ఒక్క అంగుళం పొట్టి కాలేదు. తాడు లేకుండా ఎక్కమంటే రెండో పట్టు దగ్గరే ఆగిపోవలసిన పిల్ల, తాడు ఉన్నందువల్ల తనకు రాని ఎత్తును ప్రయత్నిస్తుంది. ప్రమాణం దించడం వేరు, పడినవాళ్లను పట్టుకోవడం వేరు. రెండోది ఉన్నచోటే మొదటిదాని అవసరం తప్పుతుంది.

ఒక పూర్ణను చూపించి వ్యవస్థ బాగుందనడం న్యాయమా అని అడిగితే, న్యాయం కాదనే చెబుతాను. శిఖరం ఎక్కడం పేదపిల్లలందరికీ గమ్యం కానక్కరలేదు. హాస్టలు బిడ్డను ఇంటికి, తల్లి భాషకు, వాడ జీవితానికి దూరం చేస్తుందన్న విమర్శలో కూడా నిజముంది. తడబాటు పోగొట్టే పేరుతో పిల్లల యాసను, ఆచారాన్ని చిన్నబుచ్చితే, ఒకచోట తగ్గించిన వెలను మరోచోట వసూలు చేసినట్టే. నేను పూర్ణ పేరు చెప్పింది విజయానికి కొలమానంగా కాదు. వెలికి రాకముందు ఆ శక్తి ఎవరికీ కనబడలేదన్నందుకు. పాకాలలో కూలికి వెళ్లే ఇంటి పిల్లలో ఏముందో ఆమెకే తెలియదు, ఊరికీ తెలియదు. శక్తి ముందు తెలిసి ఆ తరువాత అవకాశం ఇచ్చిన సందర్భం కాదది. అవకాశం ఇచ్చాకే శక్తి తెలిసింది. అందుచేత, అర్హత రుజువు చేసుకుంటే అవకాశమిస్తామనే పద్ధతి తడబడే పిల్లల విషయంలో మొదటి మెట్టు దగ్గరే తలకిందులవుతోంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి, కాలేజీల్లోకి వద్దాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో దొర్లిన తప్పుల గురించి అప్పుడు పెద్ద ఆందోళన జరిగింది, జరగవలసిందే. ఒక ఆత్మహత్యకు ఒకే కారణం ఉంటుందని చెప్పడం సాహసం. కానీ ఫెయిలైనవాళ్లకు సప్లిమెంటరీ పరీక్ష కాగితం మీద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అంటే ప్రభుత్వ లెక్కలో ఆ తప్పు కొద్ది వారాల్లో దిద్దుకోగలిగినది. ఇంటి లెక్కలో, వీధి లెక్కలో, కాలేజీ గోడమీద ర్యాంకుల ఫొటోలు వేసే లెక్కలో మాత్రం అది దిద్దుకోలేనిది. బంధువుల ఫోన్లు, పక్కింటివారి పరామర్శ, ఫీజు కట్టిన తండ్రి మౌనం కలిసి ఆ పిల్లల మీద పడ్డ వెల ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. చట్టం తెరిచిన తలుపును మన మాటలు మూయగలవు. అందుకే ఈ పని విధానాలు రాసేవాళ్ల మీద వదిలేస్తే తీరదు. ఇంగ్లీషు మాట తడబడితే ఇంటర్వ్యూలో పనికిరాడని కొట్టేసే యాజమాన్యానికీ, అత్తారింట్లో నెగ్గుకురాలేదని కూతుర్నే నిందించే తల్లిదండ్రులకూ, ప్రశ్న తప్పు వేసిన పిల్లను చూసి తరగతితో కలిసి నవ్వే ఉపాధ్యాయుడికీ ఇందులో వాటా ఉంది.

ఏమి చేయాలన్నదానికి నా దగ్గర ఉన్నవి సాదా మాటలే. తప్పును ఒంటరిగా ఉన్నప్పుడు దిద్దండి, మెప్పును నలుగురిలో చెప్పండి. మౌనంగా ఉన్న విద్యార్థికి తెలియదని రాసుకునేముందు మరో దారిలో అడిగి చూడండి: కాగితం మీద, ఇద్దరు ముగ్గురి మధ్య, అతని ఇంటి మాటలో. ఫెయిలైనవాడు మర్నాడు అదే గదిలోకి అదే పేరుతో పిలిపించుకుంటూ రాగలగాలి. ఏ పిల్ల గురించీ పదిహేనేళ్లకే ఆఖరి మాట అనకండి. ఇవేవీ డబ్బు ఖర్చయ్యేవి కావు. ఉపకారవేతనాలు, హాస్టళ్లు, రెండో అవకాశం ఇచ్చే కోర్సులు మాత్రం డబ్బు ఖర్చయ్యేవే. వాటికి బడ్జెట్లలో కోత పడినప్పుడు కోత పడుతున్నది దానంలో కాదని, పార్వతీశానికి పుట్టుకతో వచ్చిన వెసులుబాటు సుబ్బయ్యకు, సంగదాసు వాడ పిల్లలకు అందే ఒకే ఒక్క దారిలోనని గట్టిగా అడగాలి. కలిగినవారి బిడ్డలకు పది తప్పులు చేసే హక్కు ఎవరూ జీవో ఇవ్వకుండానే ఉంది. ఆ హక్కును లేనివారి బిడ్డలకు పంచడమే సమానత్వానికి చేతల్లో అర్థం. తడబడే యువతలో ఏముందో ముందుగా ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. తెలుసుకునే మార్గం మాత్రం ఒకటే ఉంది: వాళ్లు పడి లేవగలిగినంత కాలం తీర్పు ఆపి, చేయి అందించడం. ఆ బాధ్యత పెద్దవాళ్లమైన మనది. దాన్ని నెరవేర్చకుండా వాళ్ల భవిష్యత్తు గురించి మాట్లాడే అర్హత మనకు లేదు.